గాజులదిన్నె నీళ్ళకు ఏ ఎర?

జనవరి నెల, తెల్లవారుజాము. ఎమ్మిగనూరు వెనకబడింది. కర్నూలు రోడ్డు మీద టీవీఎస్ ఎక్సెల్ బండి వెనక సీట్లో మీరున్నారు. నడుపుతున్న పెద్దాయన బెస్తల ఇంట పుట్టినవాడు, చిన్నప్పటి నుంచి నీళ్ళ మీద బతికినవాడు. రెండు గాలం కర్రలు మీ భుజానికి రాసుకుంటున్నాయి. ఒళ్ళో ఒక గోనెసంచి. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి: కొన్ని చేలల్లో పత్తి కట్టె పీకి కుప్పలేశారు, కొన్నింట్లో పప్పుశనగ పూత మీదుంది. మంచు పట్టిన శనగాకు పుల్లటి వాసన చలిగాలితో పాటు వచ్చి ముక్కుకు తగులుతోంది. తువ్వాలు చెవుల మీదుగా గట్టిగా చుట్టుకోండి. గోనెగండ్ల దాటాక చలి ఇంకా కరుస్తుంది.

"పెద్దనాయనా, ఈ పొద్దు ఏం ఎర?" అని అడుగుతారు మీరు.

"సంచిలో మూడు రకాలుండాయి. ఏది తీయాల్నో నీళ్ళు సూసినాంక చెప్తా," అంటాడాయన, తల తిప్పకుండానే.

గాజులదిన్నె కట్ట ఎక్కేసరికి తూరుపు ఇంకా తెల్లబడలేదు. కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే హంద్రీని ఇక్కడ ఆపి కట్టిన ప్రాజెక్టు ఇది. నిండితే నాలుగు టీఎంసీలకు పైనే. ఈ జిల్లాలోనే పెదపాడులో పుట్టి, 1960లో రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు పెట్టాక కాగితాల మీద సంజీవయ్య సాగర్ అయింది. చుట్టుపక్కల ఊళ్ళలో మాత్రం జీడీపీ అనే అంటారు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు కరువు ప్రాంతం. తుంగభద్ర దిగువ కాలువలో నీళ్ళు వస్తాయా రావా అని ఏటా ఎదురుచూపే. 2024 ఆగస్టులో హొసపేట దగ్గర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతుకు ఎన్ని రాత్రులు నిద్రపట్టలేదో అడిగి చూడండి. అలాంటి చోట ఇంత నీరు ఒక్కచోట నిలవడమే పెద్ద విషయం. ఆ నీరు ఏ రెండు నెలలూ ఒకేలా ఉండదు. ఆగస్టులో ఎర్రగా, బురదగా. జనవరిలో తేరుకుని, చల్లగా. మేలో ఒడ్డు నుంచి దూరంగా జరిగిపోయి, వెచ్చగా, పాచి రంగులో. అందుకే మొన్న పనిచేసిన ఎర ఇవాళ పనిచేస్తుందని ఇక్కడెవరూ మాటివ్వరు.

కట్ట కింద పుట్టి బోర్లించి పెట్టుకుని ఇద్దరు జాలరులు బీడీ కాలుస్తున్నారు. పెద్దాయన ముందు వాళ్ళ దగ్గరికి పోతాడు. ఇలాంటి జలాశయాల్లో వల వేసే హక్కు మత్స్యశాఖ లైసెన్సు ఉన్నవాళ్ళది, ఆ వేటే వాళ్ళ కూడు. ఒడ్డున గాలం వేసేవాడు వాళ్ళకు చెప్పి వేయడం మర్యాద. రాత్రి ఎక్కడ వలలు కట్టారో, పొద్దున ఎక్కడ తీస్తారో చెబుతారు. ఆ వైపు వద్దు. "జమ్ము దిక్కు పోప్పా, ఆడ మావేం లేవు," అంటారు. సెలవు దొరికింది.

సంచి ఇంకా విప్పలేదు. పెద్దాయన పంచె ఎగగట్టి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి నిలబడి, వెలుతురు కోసం ఆగుతాడు. మీరూ దిగండి. అరికాలి కింద రేగడి మెత్తగా జారుతుంది, చలి పిక్కలు పట్టేస్తుంది. తూరుపున గీత పడ్డాక ఆయన వంగి తన పాదం వైపు చూస్తాడు. మోకాలి లోతులో వేళ్ళు కనబడుతున్నాయి. ఇంకో రెండడుగులు లోపలికి వేస్తాడు. తొడల లోతులో పాదం మసకమసకగా ఉంది, వేళ్ళు లెక్కకు అందడం లేదు.

1865లో ఇటలీలో ఆంజెలో సెక్కి అనే శాస్త్రవేత్త తెల్లటి పళ్ళేన్ని తాడుతో సముద్రంలోకి దించి, అది ఎంత లోతులో కంటికి కనబడకుండా పోతుందో కొలిచాడు. నీటి తేటదనాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా అలాగే కొలుస్తారు. ఆ పళ్ళెం చేసే పని పెద్దాయన పాదం చేస్తోంది. పాదం కనబడితే చేప కంటితో వేటాడుతుంది, ఎర రూపం, రంగు, నడక ముఖ్యం. పాదం కనబడకపోతే చేప వాసనతో, అలికిడితో వేటాడుతుంది, అప్పుడు తళుకులెన్ని పెట్టినా వృథా. ఇవాళ రెంటికీ మధ్య.

"కన్ను పనిచేస్తాది, కానీ దూరం సూడలేదు. ఎర దాని ముందరికే పోవాల," అంటూ ఆయన ఇప్పుడు సంచి ముడి విప్పుతాడు.

మొదట బయటికి వచ్చినవి రెండు రబ్బరు కప్పలు. ఒకటి పచ్చది, తెల్లటి పొట్ట. రెండోది పూర్తిగా నల్లది. రెండింటికీ కొక్కేలు వీపుకు అణిగి ఉన్నాయి, జమ్ములో తట్టుకోకుండా. ఏది కడతారు? చేయి పచ్చదాని మీదికే పోతుంది, అచ్చం కప్పలా ఉంది కదా. ఆయన నల్లది తీసి మీ చేతిలో పెడతాడు. "నువ్వు పైనుంచి సూస్తాండావు. అది కిందనుంచి సూస్తాది," అంటాడు. తలెత్తి ఆకాశం చూడండి, విషయం తెలిసిపోతుంది. తెల్లవారే వేళ నీటి అడుగు నుంచి పైకి చూసే చేపకు రంగులు తేలవు. పైన పలచటి వెలుగు, దాని మీద కదిలే ఒక నీడ, అంతే. నీడ ఎంత నల్లగా ఉంటే అంత తేటగా కనబడుతుంది.

ఒకప్పుడు ఇక్కడ బతికిన కప్పనే గుచ్చేవాళ్ళు. పొలంలో పురుగును తిని పైరును కాచేది కప్ప. కప్పకాళ్ళ ఎగుమతి కోసం లెక్కలేనన్ని కప్పల్ని పట్టేస్తుంటే 1987లో కేంద్రం ఆ వ్యాపారాన్నే నిషేధించింది. రబ్బరు కప్ప వచ్చాక బతికిన కప్పతో పని తీరిపోయింది. ఇది మంచి మార్పు, ఎవరు ఏమన్నా.

జమ్ము అంచున ఒక ఖాళీ ఉంది, చాప పరిచినంత. అక్కడికి విసరండి. టప్. అలలు సద్దుమణిగేదాకా కదపొద్దు. ఇంతలో కుడి పక్కన "గుబుక్" మని ఒక చప్పుడు, ఒక బుడగ. కొర్రమీను గాలి పీల్చుకుంది. మొప్పలతో పాటు తలలో గాలి పీల్చే గది కూడా ఉన్న చేప అది. ఉండుండి పైకి వచ్చి గుటక వేయాల్సిందే. నీరు తగ్గి బురదైనా బతికి ఉండేది ఆ బలంతోనే. తెలంగాణ దీన్నే తన రాష్ట్ర చేపగా పెట్టుకుంది. అది గాలి పీల్చిన చోటు మీకు తెలిసింది, ఆకలితో ఉందో లేదో ఇక తెలియాలి.

కప్పను ఒక్క జానెడు లాగి ఆపండి. వేసవిలో అయితే వడివడిగా నడిపించాలి. చల్లటి నీళ్ళలో చేప ఒంట్లో అన్నీ నెమ్మదిస్తాయి. పరుగెత్తే ఎర వెంట అది పరుగెత్తదు. జానెడు. ఆగు. జానెడు. ఆగు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తడి దారం చూపుడువేలి మీద కోస్తున్నట్టుంది. ఖాళీ దాటి జమ్ము నీడలోకి వచ్చేసరికి నీరు ఒక్కసారి పగిలి కప్ప మాయమవుతుంది. మీ చేయి ఎగరబోతుంది. పెద్దాయన మణికట్టు పట్టుకుంటాడు. "ఉండు. గుంజొద్దు. బరువు తగలనీ." దారం మెల్లగా పక్కకు జరుగుతుంది. ఇప్పుడు బరువు. ఇప్పుడు గుంజండి. కర్ర వంగుతుంది, చేప జమ్ము వేళ్ళలోకి దూరాలని చూస్తుంది, మీరు ఒడ్డువైపు నడుస్తూ దాన్ని తల తిప్పుకోనివ్వరు. గడ్డి మీదికి వచ్చేసరికి పాము తల, నల్లటి వీపు, పొట్ట పక్కన చారలు. కిలో పైనే ఉంటుంది.

దాన్ని తడి గోనెలో వేస్తూ పెద్దాయన అవతల తూటాకు పొద చూపిస్తాడు. వానాకాలంలో అక్కడ నీటి మీద ఎర్రటి మచ్చ ఒకటి తిరుగుతుందట. దగ్గరికి పోయి చూస్తే వందల కొర్రమీను పిల్లలు, ఎర్రగా, చీమల బారులా. కింద తల్లీ తండ్రీ కాపలా. ఆ మచ్చ పక్కన ఏది పడినా అవి కోపంతో వచ్చి కొడతాయి: కప్ప, చెంచా, ఆఖరికి కట్టెపుల్ల.

"అప్పుడు ఏ ఎర ఏసినా పడ్తాది. అందుకే అప్పుడు ఎయ్యగూడదు," అంటాడు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. తల్లిని లాగేసిన కాసేపట్లో ఆ పిల్లల మీద పక్కెలు, జిలేబీలు, కొంగలు పడతాయి. ఒక్క చేప కూరకు వందల చేపలు పోతాయి. ఆకలి తెలుసుకుని, వెలుతురు తెలుసుకుని, చేపను ఒప్పించి పట్టడంలోనే గాలం విద్య ఉంది. బిడ్డల కోసం ప్రాణానికి తెగించిన జీవిని పట్టడంలో ఏ విద్యా లేదు.

పొద్దెక్కింది. కట్టకు పరిచిన రాళ్ళ వైపు నడవండి. నీటి మీద ఎండ పడి పైపొర ఆకుపచ్చగా మెరుస్తోంది. ఒక కరెంటు తీగ మీద లకుముకి పిట్ట. పెద్దాయన కూర్చుని దాన్నే చూస్తున్నాడు. పిట్ట దబ్బున దూకి పైకి లేచింది. ముక్కున వెండిలా మెరిసే పక్కె, చిటికెన వేలంత. ఆయన సంచిలోంచి రేకు చెంచాలు తీస్తాడు: వెండిరంగువి, ఇత్తడివి, చిన్నా పెద్దా. మీరు రంగు గురించి అడగబోతారు. ఆయన ముందు పొడవు చూస్తాడు. చిటికెన వేలంత చెంచా ఏరి పక్కన పెట్టాకనే రంగు. నీరు తేటగా, ఎండ బాగా ఉంది కాబట్టి వెండి. మబ్బుగానో బురదగానో ఉంటే ఇత్తడి. బురద నీళ్ళలో నీలి వెలుతురు ముందే ఆరిపోతుంది, పసుపు, నారింజ వన్నెలు కాస్త దూరం పోతాయి. వేటాడే చేపలు ఇవాళ ఏ సైజు మేత తింటున్నాయో పిట్ట చెప్పింది. మిగతాది ఎండ చెప్పింది.

ఇలాగే నీళ్ళ పక్కన కూర్చుని చూసిన ఇంకొకాయన ఫిన్లాండులో ఉండేవాడు. పేరు లౌరి రపాలా, వృత్తి చేపల వేట. పెద్ద చేప గుంపులోకి వచ్చినప్పుడు ఆరోగ్యంగా ఈదే వాటిని వదిలి, కాస్త తడబడుతూ ఈదే చేపపిల్లనే పట్టడం ఆయన కంటబడింది. 1936లో బెరడు చెక్కి ఆ తడబాటును ఎరలో తెచ్చాడు. ఇప్పుడు ప్రపంచమంతా దొరికే ఆ ఎరల వెనకున్న సంగతి అంతే. మీ చేతిలో చెంచానూ అలాగే తడబడనివ్వండి: లాగు, వదులు, రెపరెపలాడుతూ కిందికి పోనివ్వు. చాలా దెబ్బలు అది పడిపోతున్నప్పుడే తగులుతాయి. రాళ్ళ అంచున టక్కుమని తగిలింది. చిన్న కొర్రమీను, మూరెడు కూడా లేదు. కొక్కెం మెల్లగా తిప్పి తీసి, తడి చేత్తో నీళ్ళలోకి వదిలేయండి.

మధ్యాహ్నం. గాలి ఆగిపోయింది, వేటాడే చేపలు లోతుకు పోయాయి. పెద్దాయన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల కారం విప్పుతాడు. తింటూనే రెండో చేత్తో ఇంకో ఎర కలుపుతాడు. ఆదోని నూనె మిల్లు నుంచి తెచ్చిన బుడ్డల చెక్క పొడి, తవుడు, కాస్త గోధుమపిండి. గుప్పెట్లో పిసికితే నిలవాలి, నీళ్ళలో పడ్డాక మెల్లగా విడిపోవాలి. ఇది బొచ్చె, శీలావతి, మోసు చేపల కోసం. అవి వేటగాళ్ళు కావు, వాటికి కప్పా వద్దు, చెంచా వద్దు.

"ఎంత లోతులో కట్టాల?" అని మీరు అడిగితే ఆయన నోరు చూడమంటాడు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీళ్ళలో మేస్తుంది. మోసు నోరు కిందికి, అది అడుగున బురదలో ఏరుకుంటుంది. శీలావతి నడుమ. అందుకే మన చెరువుల్లో ఈ మూడింటినీ కలిపి పెంచుతారు, ఒకదాని మేతకు ఇంకోటి పోటీ రాదు. బెండును పైకో కిందికో జరపడమంటే ఏ చేపను భోజనానికి పిలుస్తున్నారో తేల్చుకోవడమే. ముందు నాలుగు పెద్ద ముద్దలు దూరంగా విసురుతాడు, అవి చెదిరి వాసన పరుస్తాయి. తర్వాత ఆ వాసన మధ్యలో గోరంత ముద్ద, కొక్కెం మీద.

బెండు కదిలేదాకా ఒక సంగతి. ఇదే జనవరిలో అమెరికాలోని మిన్నెసోటాలో సరస్సులు గడ్డకట్టి ఉంటాయి. మిల్ లాక్స్ అనే సరస్సు ఐదు వందల చదరపు కిలోమీటర్లకు పైనే. చలికాలంలో జనం దాని మీద నడిచిపోయి, మంచుకు జానెడు బెజ్జం వేసి, కింది నీళ్ళలోకి దారం దించి కూర్చుంటారు. వాళ్ళు కోరేది వాల్‌ఐ చేపను. 1965 నుంచి ఆ రాష్ట్ర చేప అదే. దాని కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, పిల్లి కంట్లో ఉన్నట్టే. అందుకే సందెవేళ, మసక నీళ్ళలో అది తన మేత కన్నా బాగా చూస్తుంది, అప్పుడే వేటకు వస్తుంది. బెజ్జం దగ్గర కూర్చున్నవాడు ఎరను అటూ ఇటూ నడిపించలేడు, పైకీ కిందికీ తప్ప. కాబట్టి రెండు పనులకు రెండు ఎరలు. లోపల గింజలు గలగలమనే మెరుపు చెంచా దూరంలో ఉన్న చేపను పిలుస్తుంది. దాని కొక్కేనికి గుచ్చిన చిన్న చేప తలో, పక్క బెజ్జంలో కదలకుండా వేలాడే బతికిన చేపపిల్లో దగ్గరికొచ్చినదాన్ని ఒప్పిస్తుంది. మసక పడితే బంగారు వన్నె, నారింజ, చీకట్లో మెరిసే రంగు. పిలవడం ఒక పని, ఒప్పించడం ఇంకో పని. పెద్దాయన పెద్ద ముద్దా, గోరంత ముద్దా చేస్తున్నవీ ఆ రెండే.

బెండు పక్కకు వాలింది. మునగలేదు, పడుకుంది. కింద నుంచి ఎర పైకెత్తితే బెండు అలా పడుకుంటుంది. ఇప్పుడు గుంజండి. మోసు. మంచి సైజు. జాలరుల్లో ఒకాయన దూరం నుంచి చూసి చేయి ఊపుతాడు.

సాయంత్రం పాత హంద్రీ దగ్గరికి. నీళ్ళ కింద ఇప్పటికీ ఏరు ఉంది: డ్యాం కట్టక ముందు నది పారిన లోతు గాడి. ఎక్కడుందో ఒడ్డున మొలిచిన కంప వరసను బట్టి పెద్దాయన చెబుతాడు. పొద్దు కుంకితే ఆ గాడిలోంచి వాలుగ పైకి వస్తుంది. దాని కళ్ళు చిన్నవి, మీసాలు పొడుగు. ఆ మీసాలతోనే రుచి చూస్తుంది, అవే దానికి దారి. దాని గాలితిత్తికీ చెవికీ మధ్య సన్నటి ఎముకల గొలుసు ఉంది, నీటిలో చిన్న అలికిడి కూడా చెవికి చేరుతుంది. కాబట్టి ఇక్కడ రంగు అక్కర్లేదు, అడుగుల చప్పుడు కూడా ఉండకూడదు. పొద్దున వలలో చచ్చిన అరచేతంత పక్కెను జాలరులు ఇచ్చారు. దాని పక్కన కత్తితో రెండు గాట్లు పెడతాడు, రసం నీళ్ళలోకి దిగాలని.

కొక్కెం చూసి మీకు ఆశ్చర్యం. ఇంత పెద్దదా? ఎర కూడా పెద్దదే. చిన్నది వేస్తే ఎక్కువ కాట్లు పడతాయి కదా అంటారు మీరు.

"చిన్నవే పడ్తాయి నాయనా. అవి వద్దు," అంటాడు.

పొద్దంతా ఆయన చేసిన పనికి ఈ మాట దగ్గర అర్థం దొరుకుతుంది. వాలుగ ఒకప్పుడు మన నదులన్నింటిలో విరివిగా ఉండేది. ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించే ముప్పున్న చేపల జాబితాలో పెట్టింది. ఇంకా ఒక్కసారి కూడా గుడ్లు పెట్టని పిల్లల్ని తోడేస్తే ఏ జలాశయమూ తట్టుకోదు. పిల్లచేప నోటికి పట్టని ఎర వేయడం వాటిని కాపాడటానికి అన్నింటికన్నా సులువైన దారి. వదిలేయడం కన్నా మేలు కూడా, ఎందుకంటే దాని నోట్లో కొక్కెం గుచ్చుకోనే లేదు. ఎర అంటే పట్టుకునే సాధనం అనుకుంటాం. అది ఏ చేపను ముట్టకూడదో తేల్చే సాధనం కూడా. పొద్దున తూటాకు పొద దగ్గర గాలం వేయొద్దన్నప్పుడూ, రాళ్ళ దగ్గర పిల్ల కొర్రమీనును నీళ్ళలోకి వదిలించినప్పుడూ, ఇప్పుడు పెద్ద కొక్కెం కట్టినప్పుడూ ఆయన పాటించింది ఒకే న్యాయం.

చీకటి పడేదాకా కూర్చుంటారు. దారం ఒకసారి బిగిసి వదులవుతుంది, అంతే. వాలుగ వచ్చింది, వాసన చూసింది, పోయింది. పెద్దాయనకు దిగులేం లేదు. తెగిన నైలాన్ దారం ముక్కలన్నీ ఏరి జేబులో పెట్టుకుంటాడు, కొంగల కాళ్ళకు చుట్టుకోకుండా. బండి తిప్పేముందు మీకు పని అప్పగిస్తాడు. రేపు మీ ఊరి చెరువుకో, కాలువకో పోయినప్పుడు సంచి వెంటనే విప్పొద్దు. నీళ్ళలో దిగి పాదం చూసుకోవాలి. ఒక పిట్ట దూకేదాకా ఆగి, అది ఏం పట్టిందో చూడాలి. తర్వాత రెండు ప్రశ్నలు: ఈ పూట ఎవరిని పిలుస్తున్నాను? ఎవరిని పిలవకూడదు? రెండోదానికి జవాబు దొరక్కపోతే ఆ పూట గాలం వేయకుండా తిరిగి రావాలి. ఏటా నీటి కోసం ఆకాశం వైపు చూసే ఈ సీమలో, ఉన్న నీళ్ళలో చేప మిగలాలంటే గాలం పట్టిన ప్రతివాడూ ఆ రెండో ప్రశ్న వేసుకోక తప్పదు.